నీరసంలో రసం – తెలుగు రచనలో ఇంటిపట్టున ఉన్న ముదిమి

తెలుగువారు ‘నీరసం’ అనే మాటను రెండు చోట్ల వాడతారు. కావ్యం పాఠకుని మనస్సును కదపలేకపోతే విమర్శకుడు దానిని నీరసమంటాడు. వసారాలోని కుర్చీ నుండి లేవబోయి మళ్లీ కూలబడిన ముసలితల్లి, ఏమయినదని కోడలు అడిగితే, నీరసంగా ఉన్నదని చెబుతుంది. మొదటిది తీర్పు, రెండవది నివేదన. ఈ రెండింటికీ ఒకే మాట దొరకడం కేవలం యాదృచ్ఛికం కాదు. రసం ఇంకిపోయిన శరీరం కవితకు పనికిరాదనే నమ్మకం మన సాహిత్యంలో చాలాకాలంగా ఉన్నది. ముదిమిని గురించి తెలుగులో వ్రాసినవారు కొద్దిమంది కారు. కాని ఇంటిపట్టున ఉండి, ఏ మహావ్యాధీ లేకుండా, రోజురోజుకూ కొంచెం కొంచెంగా సత్తువ కోల్పోయే మనిషిని వస్తువుగా స్వీకరించినవారు ఎందరు అని విచారిస్తే సమాధానం అంత సంతృప్తికరంగా ఉండదు. ఈ కొరత ఎక్కడ పుట్టినదో, అది ఎందుకు పూడవలెనో పరిశీలింపదగినది.

ముందుగా శాస్త్రం ఏమి చెప్పినదో చూడవలె. భరతుడు నాట్యశాస్త్రంలో ముప్పదిమూడు వ్యభిచారిభావాలను లెక్కించినాడు. వాటిలో గ్లాని ఒకటి, శ్రమ ఒకటి, దైన్యం ఒకటి, జడత ఒకటి. గ్లానికి కారణాలుగా వ్యాధి, ఉపవాసం, మనస్తాపం మొదలైనవాటిని చెప్పి, నటుడు దానిని ప్రదర్శింపవలసిన తీరును కూడా వివరించినాడు. మాట క్షీణించడం, చెంపలు లోతుకు పోవడం, అడుగు మెల్లగా పడడం, వణుకు, ఉత్సాహలోపం, దేహం చిక్కిపోవడం – ఇవి ఆయన చూపిన అనుభావాలు. నటుని కొరకు వ్రాసిన ఈ పట్టిక వైద్యుని పట్టికకు ఎంత దగ్గరగా ఉన్నదో ముందు ముందు తెలుస్తుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వ్యభిచారి అనగా వచ్చిపోయేది. విరహిణికి గ్లాని వస్తుంది, నాయకుడు రాగానే పోతుంది. యుద్ధశ్రాంతుడైన వీరునికి శ్రమ కలుగుతుంది, విజయవార్తతో తీరుతుంది. అలలవలె లేచి పడే ఈ భావాలు స్థాయికి తోడుపడి తమ పని ముగించుకొంటాయి. ముదిమిలో జరిగేది వేరు. అక్కడ గ్లాని వచ్చి పోదు, వచ్చి నిలుస్తుంది. సంచారి స్థాయి అవుతుంది. దానికి ఆలంకారికులు వేరుగా ఒక రసాన్ని కల్పింపలేదు. కరుణం దీనిని మోయగలదని అనుకోవచ్చును. కాని కరుణానికి స్థాయి శోకం, శోకానికి ఒక నష్టం కావలె, ఒక ఘట్టం కావలె. ఇంటిలో ఉన్న ముసలివాని సత్తువ తగ్గడానికి ఘట్టం లేదు. నిన్న ఎక్కిన మెట్టు నేడు ఎక్కలేకపోవడమే అక్కడి కథ. ఘట్టం లేని క్షీణతను వ్రాయడం ఎట్లా అన్నదే ఈ వస్తువులోని అసలు సమస్య.

ప్రాచీనులు ఈ సమస్యను ఎదుర్కొనలేదని చెప్పరాదు. నన్నయ ఆదిపర్వంలో తెనిగించిన యయాతి కథ అందరికీ తెలిసినదే. శుక్రుని శాపంవల్ల జర పైబడిన రాజు తన ముదిమిని తీసికొమ్మని కొడుకులను ఒక్కొక్కరినే అడుగుతాడు. వ్యాసుని మూలంలో ఆ కొడుకులు నిరాకరించేటప్పుడు చెప్పే కారణాలు గమనింపదగినవి. యదువు శరీరం ముడుతలు పడడాన్ని, చిక్కిపోవడాన్ని, బలహీనతను చెప్పి, పని చేయలేని ముసలివానిని పడుచువారే కాక ఆశ్రయించి బ్రతికేవారు కూడా చులకన చేస్తారని అంటాడు. ద్రుహ్యుడు ఏనుగును, గుఱ్ఱాన్ని, రథాన్ని ఎక్కలేకపోవడాన్ని, మాట తడబడడాన్ని చెబుతాడు. అనువు వేళ కాని వేళ పసివానివలె తినడాన్ని, శుచి తప్పడాన్ని చెబుతాడు. ఇవి యౌవనం వీడలేక చెప్పిన సాకులే కావచ్చును. కాని ముదిమిని బయటినుండి చూచే కంటికి అది ఎట్లా కనబడుతుందో ఇంతకంటె నిర్దాక్షిణ్యంగా చెప్పిన పట్టు అరుదు.

ఈ కథలో మరొక లోతు ఉన్నది. పూరువు తండ్రి జరను స్వీకరించినాడు. శాపం లేని సామాన్యపు ఇళ్లలో కూడా ఇటువంటి మార్పిడి నిత్యం జరుగుతూనే ఉన్నది. ఒకరి ముదిమిని ఇంకొకరు తమ వయసుతో మోస్తేనే ఆ ఇల్లు నడుస్తుంది. అట్లా మోసేవారు పెక్కు ఇళ్లలో కొడుకు కాదు, కోడలో కూతురో. పూరువుకు దక్కినట్లు వారికి రాజ్యం దక్కదు, యౌవనం తిరిగి రాదు. యయాతి కథను ఆ వైపునుండి మళ్లీ వ్రాయవలసిన అవసరం తెలుగు రచయితకు ఇంకా మిగిలి ఉన్నది.

కాని ఈ వస్తువుకు భారతంలో అసలైన పట్టు ఆశ్రమవాసపర్వం. తిక్కన విరాటపర్వం మొదలు తెనిగించిన పదునైదు పర్వాలలో పాఠకుడు తొందరగా దాటిపోయేవాటిలో ఇది ఒకటి. యుద్ధం ముగిసినది. ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మరాజు ఇంట ఉన్నాడు. ఆ ఇంట ఆయనకు లోపం లేదు. పరుపులు, వస్త్రాలు, వంటలు పూర్వపు రాచరికానికి తగినట్లే అమరుతున్నవి. ఆయన మనసు నొప్పించరాదని ధర్మరాజు అందరికీ ఆజ్ఞాపించినాడు. అయినా భీముడు, అన్నకు తెలియకుండా, వృద్ధరాజు వినేటట్లు భుజాలు చరిచి, నీ కొడుకులను చంపిన చేతులివేనని గొప్ప చెప్పుకొంటాడు. ముసలిరాజు బదులు చెప్పడు. తిండి తగ్గిస్తాడు. ఒకప్పుడు దినంలో నాలుగవ వేళకు, ఒకప్పుడు ఎనిమిదవ వేళకు కొద్దిగా తింటాడు. నేలమీద పడుకొంటాడు. ఆ సంగతి గాంధారికి తప్ప ఎవరికీ తెలియదు.

వనానికి పోవడానికి అనుమతి అడిగే సందర్భంలో, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన గాంధారిమీదికి ఒరిగి సోలిపోతాడు. ధర్మరాజు నిర్ఘాంతపోతాడు. ఇనుప బొమ్మను కౌగిలిలో నుగ్గు చేసిన బాహువులు ఒక స్త్రీ ఆసరాతో నిలబడుతున్నవని విలపిస్తాడు. తన ఇంట ఉండి ఇంత చిక్కిపోయిన మనిషిని తాను గుర్తింపలేకపోయినందుకు తన్ను తాను నిందించుకొంటాడు. తడిచేతితో ఆయన ముఖాన్ని, రొమ్మును నిమురుతాడు. ఆ స్పర్శకు ముసలిరాజు తేరుకొని, మరల ఒకసారి తాకుమని కోరుతాడు. ధర్మరాజు అన్ని మాటలకంటె ముందు భోజనం చేయుమని బ్రతిమాలుతాడు.

ఈ ఘట్టంలోని సత్యం ఎంత నిశితమైనదో ఆలోచింపవలె. ఇక్కడ తప్పు చేసినది దుర్మార్గుడైన కొడుకు కాదు, ధర్మరాజు. లోపించినది ఖర్చు కాదు, గౌరవం కాదు, చూపు. సర్వం అమర్చిన ఇంటిలోనే ముసలివాడు క్రమంగా చిక్కిపోవచ్చుననీ, ఇంటి యజమాని సజ్జనుడై ఉండి కూడా దానిని గమనింపకపోవచ్చుననీ, ఒక్క మాట చాటుగా గుచ్చుకొంటే అన్నం సయించకపోవచ్చుననీ వ్యాసుడు గ్రహించినాడు. ఘట్టం లేదన్న సమస్యకు ఆయన చూపిన మార్గం కూడా ఇక్కడే ఉన్నది. క్షీణతకు ఘట్టం లేకపోయినా, దానిని ఇంకొకరు గుర్తించే క్షణం ఒక ఘట్టమే. ఆ తర్వాత వనవాసం, కార్చిచ్చు, మరణం – అవన్నీ పెద్ద సంఘటనలు. కాని ఆ పర్వానికి గుండెకాయ ఆ తడిచెయ్యి.

తరువాతి కవులు ఈ మార్గాన్ని అంతగా పట్టించుకొనలేదు. శతక కవులకు ముదిమి ఒక హెచ్చరిక అయినది. పదునారవ శతాబ్దివాడైన ధూర్జటి, పళ్లు రాలకముందే, వెండ్రుకలు నెరవకముందే, జర ఆక్రమింపకముందే శివుని సేవింపవలెనని కాళహస్తీశ్వర శతకంలో బోధించినాడు. పద్యం గొప్పది. కాని ఆ దృష్టిలో పళ్లు రాలిన తరువాతి జీవితానికి చోటు లేదు. ముదిమి వచ్చేలోగా చేయవలసినది చెప్పబడినది. వచ్చిన తరువాత ఆ మనిషి ఎట్లా బ్రతికినాడో చెప్పబడలేదు. వైరాగ్యబోధకు శరీరం దృష్టాంతం మాత్రమే, వస్తువు కాదు.

సంస్కరణయుగం మరొక అడ్డు తెచ్చినది. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శింపబడి 1897లో అచ్చయి 1909లో కొత్తరూపు దాల్చిన కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు పసిపిల్లను కొని పెండ్లాడబోయే ముసలివాడు. పుత్తడిబొమ్మ పూర్ణమ్మను బలిగొన్నదీ ముదుసలి వరుడే. బాలికల ప్రాణాలు పణంగా ఉన్న ఆ కాలంలో ముసలివానిపై జాలిపడడం కవికి ధర్మం కాదు. గురజాడ నవ్వినాడు, ఆ నవ్వు న్యాయమైనది. అయినా ఆయన కన్ను గొప్పది కనుకనే దయ్యం భయంతో వణికే అవధాని, గవరయ్య సీసా, ఆ ఇంట ఉన్న విధవ కూతురు మీనాక్షి – ఇవన్నీ కలిసి ఒక ముసలివాని ఇంటి గుబులును చూపిస్తవి. గురజాడ తరువాత వచ్చినవారికి నవ్వు వారసత్వంగా వచ్చినది గాని ఆ గుబులు రాలేదు. ముసలివాడంటే పిసినారి, లేక ఛాందసుడు, లేక అడ్డు అనే మూస నాటకాలలో, చలనచిత్రాలలో చాలాకాలం నిలిచినది.

ఆ మూసకు ఎదురుగా మరొకటి తయారయినది. రెక్కలు వచ్చి ఎగిరిపోయిన కొడుకులు, వృద్ధాశ్రమపు గేటు దగ్గర నిలబడిన తల్లి, చివరి పుటలో పశ్చాత్తాపం – ఈ చట్రంలో కథలు విరివిగా వస్తున్నవి. వాటి సదుద్దేశాన్ని శంకింపనక్కరలేదు. కాని అవి ముసలివారి కథలు కావు, కొడుకుల అపరాధపు కథలు. ముసలితల్లి అక్కడ సాక్షి మాత్రమే. ఆమె మోకాలు ఏ మెట్టు దగ్గర మొరాయించినదో, మందులబిళ్లలలో ఏది ఉదయానిదో ఏది రాత్రిదో ఆమె ఎట్లా గుర్తుపెట్టుకొన్నదో ఆ కథలు చెప్పవు. ఎక్కువమంది వృద్ధులు ఆశ్రమాలలో కాదు, ఇళ్లలోనే ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరువదేండ్లు దాటినవారు పదికోట్ల పైచిలుకు. ఆ సంఖ్యలో ఆశ్రమాల గేటు చూచినవారు స్వల్పం.

ఈ చట్రాలు రెండింటినీ దాటిన రచనలు లేకపోలేదు. శ్రీరమణ ‘మిథునం’లో అప్పదాసు, బుచ్చిలక్ష్మి పిల్లలు దూరాన ఉండగా తమ ఇంటిలో తాము బ్రతుకుతారు. తిండి, తోట, తగవు – ఇవే వారి దినచర్య. పుణ్యస్త్రీగా ముందు తానే పోవలెనన్న తరతరాల కోరికను బుచ్చిలక్ష్మి తలక్రిందులు చేస్తుంది. తాను లేకపోతే ఆయనను చూచేవారెవరన్న చింతే దానికి కారణం. ఈ ఒక్క మలుపులో ఇంటివైద్యం అంతా ఉన్నది. మలయాళంలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లోను, తెలుగులో తనికెళ్ల భరణి 2012లోను ఆ కథను చలనచిత్రంగా తీయడం దాని బలానికి నిదర్శనం. అయితే మిథునంలోని వృద్ధులకు కాలుచేతులాడుతున్నవి, పెరడు ఉన్నది, రుచి ఉన్నది. అది ముదిమిలోని సౌభాగ్యం. సత్తువ ఉడిగిన తరువాతి అధ్యాయం ఆ కథ పరిధికి ఆవల ఉన్నది. అబ్బూరి ఛాయాదేవి 2005లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ‘తన మార్గం’ సంపుటిలోని శీర్షిక కథ, వయసు మళ్లిన స్త్రీ తన ఇల్లు తనకుండవలెనని కోరుకొనడాన్ని గౌరవించినది. ఇంటిలో ఉండడం వేరు, తన ఇంటిలో తానుగా ఉండడం వేరు అన్న విచక్షణ ఆమె తెలుగు కథకు ఇచ్చినది.

వైద్యశాస్త్రం ఈ సత్తువ ఉడిగే దశకు ఇటీవలి కాలంలో స్పష్టమైన లక్షణాలు ఏర్పరచుకొన్నది. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్, ఆమె సహచరులు అయిదు గుర్తులను ప్రతిపాదించినారు: కోరకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండడం, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. వీటిలో మూడు కాని అంతకు మించి కాని ఉంటే ఆ మనిషి బలహీనదశలో ఉన్నట్లు. ఒకటి రెండు ఉంటే ఆ దశ గుమ్మంలో ఉన్నట్లు. భరతుడు చెప్పిన మందపదం, తనుగాత్రం, అనుత్సాహం ఈ పట్టికలో మళ్లీ కనబడుతున్నవి. ఆశ్రమవాసపర్వంలోని రాజుకు వీటిలో ఎన్ని వర్తిస్తవో పాఠకుడే లెక్కించుకొనవచ్చును. ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఈ దశ తప్పనిసరిగా దిగజారేది మాత్రమే కాదు. తగిన మాంసకృత్తులున్న ఆహారం, కండలకు పని చెప్పే వ్యాయామం, అనవసరమైన మందుల తొలగింపు, కంటిచూపు సవరణ, పడిపోకుండా జాగ్రత్త – వీటితో కొందరిలో అది ఆగుతుంది, కొందరిలో కొంత వెనుకకు మళ్లుతుంది. కనుక ‘ఈ వయసులో ఇంతే’ అని ఇంటిలో అనే మాట వేదాంతంగా వినబడినా, ఆచరణలో అది చికిత్సను ఆపే మాట. ఆ మాటను కథలలో, సంభాషణలలో విమర్శ లేకుండా వాడే రచయితకు కూడా అందులో కొంత బాధ్యత ఉన్నది.

ఈ చర్చకు ఒక ఊరు ఆధారంగా చూపదగినది – ఆంధ్రదేశపు సరిహద్దుకు ఎంతో దూరాన, పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే 1902 నాటికి వాల్తేరు వరకు గల ఉత్తరపు తీరమార్గాన్ని తనలో కలుపుకొన్న తరువాత, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెలనుండి పనికి పోయినవారికి ఆ ఊరి వర్కుషాపు అన్నం పెట్టినది. 1920లలో అక్కడి శ్రామికుల ఉద్యమానికి నాయకత్వం వహించిన వి.వి. గిరి తరువాత 1969లో రాష్ట్రపతి అయినారు. నాలుగు తరాలుగా తెలుగు ఆ రైల్వే కాలనీలలో ఇంటిభాషగా నిలిచినది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా ప్రతిపత్తి ఇవ్వ నిర్ణయించడానికి ఈ జనసంఖ్యే ప్రధాన కారణం.

ఆ ఊరి ముదిమికి తనదైన రూపం ఉన్నది. రైల్వే ఉద్యోగి విరమించిన తరువాత గడువులోగా క్వార్టరు ఖాళీ చేయవలె. అంటే జీవితమంతా గడిపిన ఇల్లు అరువదవ ఏట పోతుంది. ‘ఇంటిపట్టున ఉన్న వృద్ధులు’ అనే మాటకు అక్కడ మొదటి ప్రశ్న, ఏ ఇల్లు అన్నది. స్వగ్రామంలో పొలం పోయి ఉంటుంది, పలుకరించేవారు పోయి ఉంటారు. ఊరి అంచున ఒక చిన్న ఇల్లు కట్టుకొని, పరిచయమైన రైలుకూత వినబడే దూరంలోనే నిలిచిపోయినవారు చాలామంది. 1957లో రైల్వేలో పింఛను వచ్చినది కనుక నెలకింత అని చేతికి అందుతుంది. రైల్వే ఆసుపత్రి ఉన్నది. ఆశ్రమవాసపర్వంలో వలెనే అమరికకు లోటు లేదు.

మారినది చుట్టూ ఉన్న కాలం. పట్టణపు అంచున విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వెలసినది. భూమిని తవ్వే భారీయంత్రాలు అక్కడ తయారవుతున్నవి. తాత వర్కుషాపు కూతకు లేచినాడు, మనుమడు పార్కులోని షిఫ్టుకు లేస్తాడు. 2004 జనవరి తరువాత కేంద్ర కొలువులలో చేరినవారికే పాత పింఛను లేదు. ప్రైవేటు కర్మాగారంలో చేరినవారి సంగతి చెప్పనక్కరలేదు. ఒకే ఇంట తాత పింఛను స్థిరం, మనుమని జీతం అస్థిరం. ముసలివాని ఊపిరి ఇంటి ఆదాయం కూడా అవుతుంది. అందులో ప్రేమ ఎంత, లెక్క ఎంత అన్నది మంచి కథకుడు మాత్రమే విడదీయగల, లేదా విడదీయరాదని తెలిసికొనగల విషయం.

ఆ పార్కుకు పెట్టిన పేరు కూడా తెలుగు పాఠకునికి పరాయిది కాదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1820లో పుట్టిన బీర్‌సింహ గ్రామం నేడు ఆ జిల్లాలోనే ఉన్నది. కందుకూరి వీరేశలింగం పంతులుగారిని దక్షిణాది విద్యాసాగరుడని మనవారు పిలుచుకొన్నారు. 1856 నాటి వితంతు వివాహ చట్టం వెనుక ఉన్న విద్యాసాగరుడే 1872లో హిందూ కుటుంబ వార్షిక నిధి స్థాపనలో పాల్గొన్నాడు. పోషకుడు మరణిస్తే మిగిలినవారికి నెలనెలా కొంత అందవలెనన్నది దాని ఉద్దేశం. చివరి ఏండ్లలో కర్మాటాఁడ్‌లో సంతాలుల నడుమ ఉండి వారికి హోమియో మందులు ఇచ్చినాడు. సంస్కర్త అనగా ముసలివానిని ఎగతాళి చేసేవాడు మాత్రమే కాదనీ, ఒంటరిగా మిగిలినవారి రేపటి అన్నాన్ని గురించి ఆలోచించేవాడనీ ఆ జీవితం చెబుతున్నది. తెలుగు సంస్కరణ సాహిత్యం ఆయననుండి మొదటి భాగాన్ని అందుకొన్నంతగా రెండవదాన్ని అందుకొనలేదు.

ఖరగ్‌పూర్ ఇచ్చే ఇంకొక దృశ్యం ఉన్నది. పింఛను పుచ్చుకొనే ప్రతివారూ ఏటా నవంబరులో తాము బ్రతికి ఉన్నట్లు రుజువు చూపవలె. 2014 నుండి వేలిముద్రతో ఆ రుజువు ఇచ్చే పద్ధతి వచ్చినది. ఇనుముతో పని చేసిన చేతుల గీతలు అరిగిపోతవి. వయసు మరికొంత అరగదీస్తుంది. యంత్రం ఆ వేలిని గుర్తింపదు. 2021లో ముఖాన్ని చూచి గుర్తించే ఏర్పాటు కూడా వచ్చినది కనుక చిక్కు కొంత తీరినది. కాని ఏ పని చేసినందుకు పింఛను వచ్చినదో ఆ పనే చేతిగీతలను చెరిపివేయడం అన్న విషయం కవి కల్పింపనవసరం లేని కవిత.

అన్నిటికంటె పెద్ద సమస్య భాషది. ఉత్తరాంధ్రనుండి పోయిన తల్లికి తన శరీరాన్ని చెప్పుకొనడానికి ఎన్ని మాటలున్నవి! కళ్లు తిరగడం ఒకటి, ఒళ్లు తూలడం ఒకటి, కాళ్లు తేలిపోవడం వేరొకటి. నిస్త్రాణ వేరు, నిస్సత్తువ వేరు, అన్నం సయించకపోవడం వేరు. వీటిలో ప్రతిదీ వైద్యునికి వేర్వేరు దారి చూపుతుంది. కాని వైద్యుడు బెంగాలీ, దుబాసీ అయిన మనుమడు చదివినది హిందీ, ఇంగ్లీషు. అవ్వ చెప్పిన నాలుగు మాటలూ మనుమని నోట ‘వీక్‌నెస్’ అనే ఒక్క మాటగా మారి వైద్యుని చేరుతవి. ఆ ఒక్క మాటకు ఒక బలం మందు దొరుకుతుంది. మాటలు పోయినచోట రోగలక్షణాలు కూడా పోతవి. ఇది ఖరగ్‌పూర్‌కే పరిమితం కాదు. సూరత్‌లో, ముంబయిలో, అమెరికాలో కొడుకు ఇంట ఉన్న తెలుగు తల్లికీ ఇదే స్థితి. హైదరాబాదులో కూడా ఇది ఆరంభమయినదని ఒప్పుకొనక తప్పదు.

ఇక్కడనే సాహిత్యం చేయదగిన పని స్పష్టమవుతున్నది. ముసలివారిని ప్రేమింపుమని బోధించడం కంటె, వారి మాటలను నిలబెట్టడం రచయితకు దగ్గరి ధర్మం. తెలుగులో ‘ఓపిక’ అనే మాట ఉన్నది. అది శరీరబలానికీ పేరే, సహనానికీ పేరే. లేవడానికి మామగారికి ఓపిక లేదు. ఆయన లేచేదాకా ఆగడానికి కోడలికి ఓపిక లేదు. ఒకే మాట రెండు వైపులా తరిగిపోతున్న ఇల్లు ఎంత గొప్ప కథావస్తువు! అందులో దుష్టులు లేరు, చివరి పుట పశ్చాత్తాపం అక్కరలేదు. కావలసినది అడుగును లెక్కపెట్టే ఓపిక గల కథకుడు.

నీరసమని భయపడి ఈ వస్తువును వదిలివేయడం రసజ్ఞత కాదు. సప్తధాతువులలో మొదటిది రసమని ఆయుర్వేదం చెబుతుంది. జరను ఎదుర్కొనే అంగానికి ఆ శాస్త్రం పెట్టిన పేరు రసాయనం. ఎండిన చోటికి రసాన్ని తిరిగి నడిపించడమే దాని అర్థమైనప్పుడు, విమర్శకుని ‘నీరసం’, ముసలితల్లి ‘నీరసం’ ఒకే వైద్యాన్ని కోరుతున్నవి. ధర్మరాజు పదునైదేండ్ల తరువాత గాని ఆ శరీరాన్ని చూడలేదు. చూచిన క్షణాన తడిచేతితో తాకినాడు, అన్నం తినుమన్నాడు. తెలుగు కథ అంతకాలం ఆగకుండా చూడగలిగితే చాలును.